మంచు పడని ఊళ్ళో క్రిస్మస్

మా ఊరి పేరు చెబితే చాలు, కొత్తవాళ్ళు ముందు నవ్వుతారు. తాడిపత్రిలో బస్సెక్కగానే కండక్టరు "యాడికి?" అంటాడు. "యాడికే" అంటాం. మా అనంతపురం యాసలో యాడికి అంటే ఎక్కడికి అని మరి! పేరే ప్రశ్నగా ఉన్న ఊరు ఇంకోటి ఉందో లేదో నాకైతే తెలియదు. గుత్తికీ తాడిపత్రికీ మధ్య, నాపరాళ్ళ నేలలో, ఆకుతోటలూ మగ్గాలూ ఉన్న ఊరది. చెనక్కాయలు పండిన ఏడు పండగలు, పండని ఏడు బెంగుళూరు దారి.

పోయిన డిసెంబరులో మా మనవరాలు బడికోసం ఒక బొమ్మ వేసుకొచ్చింది. ‘పల్లెటూరి పాతకాలపు క్రిస్మస్’ అన్నది టీచరమ్మ ఇచ్చిన విషయం. ఏటవాలు కప్పు ఇల్లు, దానిమీద పొగగొట్టం, ఇంటిముందు కోసుగా ఒక చెట్టు, అన్నిటిమీదా దూది అతికించి మంచు! "అమ్మమ్మా, మీ యాడికిలో కూడా ఇట్లానే ఉండేదా?" అని అడిగింది. ఆ బొమ్మలో మా యాడికిది ఏదైనా ఉంటే ఆ దూది ఒక్కటే. మా నల్లరేగళ్ళలో పత్తి పండుతుంది కదా!

నవ్వి ఊరుకోవలసిన సంగతే. కాని ఊరుకోలేకపోయాను. ఎందుకంటే, ఆ పిల్ల బొమ్మలో ఉన్న తప్పు పిల్లది కాదు. డిసెంబరు రాగానే పత్రికల్లో వచ్చే ‘ఆనాటి పల్లె క్రిస్మస్’ వ్యాసాలు ఎన్నో ఏళ్ళుగా చదువుతున్నాను. (నేను కూడా ఒకప్పుడు ఒకటి రాశాను, దాని సంగతి తరవాత చెప్తాను.) వాటిలో రెండు రకాలు. ఒకదానిలో మంచు పడుతుంది. రెండోదానిలో మంచు పడదు గాని, హిందువులూ క్రైస్తవులూ మిఠాయిలు ఇచ్చిపుచ్చుకుని పరవశిస్తారు. ఈ రెండు రకాల మీదా నాకు తగవుంది. ముందు మంచు సంగతి తేల్చుకుందాం.

‘పాతకాలపు క్రిస్మస్’ అని మనం అనుకుంటున్న ఆ దొరల పండగ నిజానికి అంత పాతది కాదు. 1647లో ఇంగ్లండు పార్లమెంటే క్రిస్మస్ పండగను రద్దు చేసింది. బైబిల్లో ఆ తేదీ ఎక్కడుంది చూపించండి, ఇదంతా తాగుళ్ళకీ తందనాలకీ సాకు తప్ప భక్తి కాదు అన్నారు ప్యూరిటన్లు. తరవాత రాజులొచ్చి పండగను మళ్ళీ తెచ్చారనుకోండి. అయినా స్కాట్లండులో డిసెంబరు 25 సెలవురోజు అయింది 1958లో! డికెన్సు తన క్రిస్మస్ కథను 1843లో రాశాడు. లండన్‌లో మొదటి క్రిస్మస్ కార్డు అచ్చయిందీ అదే ఏడు. విక్టోరియా రాణి కుటుంబం చెట్టుచుట్టూ నిలబడ్డ బొమ్మ ఒక పత్రికలో పడి, ఆ చెట్టు మధ్యతరగతి ఇళ్ళలోకి నడిచి వచ్చింది 1848 తరవాత. అంటే మా మనవరాలి బొమ్మలో ఉన్న ‘పాతకాలం’ వయసు నూటాయెనభై ఏళ్ళకు అటూ ఇటూగా మాత్రమే.

ఇక మా సీమ సంగతి చూడండి. లండన్ మిషన్ దొరలు విశాఖపట్నంలో దిగింది 1805లో, బళ్ళారికి వచ్చింది 1810లో, కడపకు 1822లో. గుత్తి, అనంతపురం వైపు పని ఆ శతాబ్దం చివర్లో స్థిరపడింది. బళ్ళారిలో గుర్రం దిగిన ఆ దొర క్రిస్మస్ కార్డు అనేదాన్ని కళ్ళతో చూసి ఉండడు. అది ఇంకా పుట్టలేదు! పైగా లండన్ మిషన్ వాళ్ళలో ఎక్కువమంది ఆ ప్యూరిటన్ల వారసులే, పండగలంటే అంతగా గిట్టని శాఖవాళ్ళు. కాబట్టి మా పల్లెల్లో క్రిస్మస్ ఇంత సంబరంగా తయారయిందంటే దాన్ని దొరలు పెట్టెలో పెట్టి తెచ్చారనుకోవడం సరికాదు. వాళ్ళు తెచ్చింది కథ. పండగ చేసుకున్నది మనవాళ్ళు.

ఏ సామానుతో చేసుకున్నారు? ఇంట్లో ఉన్నదానితోనే. వెదురుబద్దలు వంచి, గాలిపటం కాగితాలు అంటించి నక్షత్రం కట్టేవారు. లోపల దీపం పెట్టి, పొడుగాటి వెదురుకర్రకు తగిలించి, రాత్రంతా తిప్పేవారు. మా అవ్వ అరుగుమీంచి చూసి, "కార్తీకం పోయి ఇన్ని దినాలాయె, ఈళ్ళ ఆకాశదీపం ఇంకా దిగలేదే!" అనేది. ఆమె వెటకారంగానే అంది గాని, ఎంత సరిగ్గా చూసిందో ఇప్పుడు తెలుస్తోంది. నాలుగు గోడల చర్చికి సున్నం కొట్టి, గోడ అడుగున ఎర్రమన్ను పట్టీ తీసేవారు. మైదా గంజితో రంగుకాగితాల తోరణాలు. సంవత్సరమంతా సంగటి తిన్న ఇళ్ళలో ఆ ఒక్కరోజు వరిబువ్వ, ఓళిగలు, పొట్టేలు కూర. నాటకం కూడా ఉండేది. దాంట్లో హేరోదురాజు మీసం దువ్వి, తొడ చరిచి, అచ్చంగా వీధినాటకంలో దుర్యోధనుడి మాదిరి గర్జించేవాడు. తూర్పుదేశపు జ్ఞానులు ముగ్గురూ మా ఊరి రెడ్ల తలపాగాల్లో వచ్చేవారు. ధనుర్మాసం కూడా అప్పుడే కదా! తెల్లవారుజామున ఒకపక్క హరిదాసు చిడతలు, ఇంకోపక్క కంజిరా తాళాలు. మంచం మీద పడుకుని వింటుంటే ఏది ఎవరిదో తెలిసేది కాదు.

మంచు అంటారా, అసలు కథ జరిగిన చోటే మంచు అరుదు. బెత్లెహేము పక్కనే ఉన్న జెరూసలేములో ఏడాదికి పడే వాన ఇంచుమించు ఐదువందల యాభై మిల్లీమీటర్లు. మన అనంతపురం జిల్లాకు లెక్కల్లో చెప్పే వానా సుమారు అంతే! అక్కడ చలికాలంలో పడుతుంది, ఇక్కడ పడితే గిడితే భాద్రపద ఆశ్వయుజాల్లో పడుతుంది, అంతే తేడా. రాళ్ళ గుట్టలు, ముళ్ళకంపలు, గొర్రెలు. దేవదూత మొట్టమొదట కబురు చెప్పింది ఎవరికి? రాత్రిపూట బయట మందను కాచుకుంటున్న కాపరులకి. మా వైపు కురుబ పెద్దాయన ఒకరు గొంగడి కప్పుకుని చేలో మంద ఆపుకుని కూర్చున్నాడంటే ఆ కథలోకి ఇంకెవరూ అక్కరలేదు.

ఇంకొక్క చిన్న సంగతి. తెలుగు బైబిల్లో మరియమ్మకు ‘సత్రము’లో చోటు దొరకలేదని ఉంటుంది. లూకా గ్రీకులో వాడిన మాటకు ఇంట్లో చుట్టాలకిచ్చే గది అనే అర్థం ఉందనీ, డబ్బిచ్చి దిగే సత్రానికి ఆయనే మంచి సమరయుడి కథలో వేరే మాట వాడాడనీ పండితులు చెబుతారు. ఆ దేశపు పాత ఇళ్ళలో మనుషులుండేచోటు కాస్త ఎత్తుగా, పశువులుండేచోటు పల్లంగా, రెండూ ఒకే కప్పు కింద ఉండేవట. మా సీమ మట్టిమిద్దెలు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? తలవాకిలి దాటగానే గాడిపాడు, ఎద్దులు, వాటి ఊపిరి. అక్కణ్ణుంచి ఒక మెట్టెక్కితే మనుషులు. చుట్టాలొచ్చి పైన చోటు చాలనప్పుడు కానుపు ఎద్దుల పక్కన జరిగితే, బిడ్డను గాటిలో గడ్డిమీద పడుకోబెట్టడంలో వింతేముంది? కార్డుల్లోని చెక్క పాకకన్నా మా మట్టిమిద్దె ఆ కథకు నాలుగడుగులు దగ్గర.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ పండగకు ఒక పుస్తకం ఉంది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ దాని పేరు. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో బైబిలు పక్కన ఉండే పుస్తకం. మన సాహిత్య విమర్శకులు దాని జోలికి పోయిన సందర్భాలు చాలా తక్కువ. త్యాగరాజ కీర్తనల మీద గ్రంథాలున్నాయి, అన్నమయ్య మీద గుట్టలున్నాయి, జానపద గేయాల మీద పరిశోధనలున్నాయి. ఇది మాత్రం పండితులకు మరీ మతం పుస్తకం, జానపదం వాళ్ళకు మరీ అచ్చు పుస్తకం. మధ్యలో పడిపోయింది.

తెరిచి చూడండి. చాలా పాటల నెత్తిన రాగం, తాళం వేసి ఉంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలు. వాటిలో పేరుగన్న కవి పురుషోత్తమ చౌధురి 1803లో పర్లాకిమిడి సీమలో, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పుచ్చుకుని, 1890 దాకా బతికాడు. త్యాగరాజస్వామి సిద్ధిపొందింది 1847లో. అంటే కీర్తన అనే సొమ్ము ఇంకా వెచ్చగా ఉన్న రోజుల్లోనే ఈయన దాన్ని అందుకుని క్రీస్తుకు తొడిగాడు. లండన్‌లో డికెన్సు ‘పాతకాలపు క్రిస్మస్’ను తయారుచేస్తున్నప్పుడు ఇక్కడ తెలుగు క్రైస్తవ కీర్తన అప్పటికే నోళ్ళలో పడుతోంది. ఇద్దరిలో ఎవరి పండగ ముందుదో మీరే చెప్పండి!

అన్నీ మంచి పాటలేనా అంటే, కావు. మొహమాటం లేకుండా చెప్పాలి గదా. చాలా కీర్తనల్లో భాష గట్టి గ్రాంథికం. ప్రాస కుదరడానికి తెచ్చిపెట్టిన మాటలు పంటికింద రాళ్ళలాగా తగులుతాయి. ‘పాపిని, ఘోరపాపిని’ అని మొత్తుకోవడం పురిటి పాటల్లోకి కూడా వచ్చేస్తుంది. పిల్ల పుట్టిన ఇంటికి పోయి ఏడుస్తామా ఎవరమైనా? ఇంగ్లీషు నుంచి అనువదించిన పాటలతో ఇంకో చిక్కు. ఇంగ్లీషు పాట ఊనిక మీద నడుస్తుంది, తెలుగు పాట గురులఘువుల మీద నడుస్తుంది. ఆ దొరల మట్టులోకి మన మాటల్ని కూర్చేసరికి హ్రస్వం ఉన్నచోట సాగదీయాలి, దీర్ఘం ఉన్నచోట మింగాలి. ఆస్ట్రియాలో 1818లో పుట్టి ప్రపంచమంతా తిరిగిన ఆ నిశ్శబ్దరాత్రి పాటకు తెలుగు రూపం ఉంది. మట్టు ఎంత హాయిగా ఉంటుందో! మాటలు మాత్రం అరువు చెప్పుల్లో నడుస్తున్నట్టుంటాయి. కీర్తనకు ఆ బాధ లేదు. అది ఇక్కడి కాళ్ళకు కుట్టిన చెప్పే.

కాని పుస్తకం చదివి దీన్ని తీర్పు చెయ్యకూడదు. పాడగా వినాలి. ఆ వినడం నాకు మా కల్లంలో జరిగింది.

అరవయ్యోపడిలో మాట. చెనక్కాయలు వలవడానికి మా ఇంటికి గేరి నుంచి ఆడవాళ్ళు వచ్చేవారు. (మా వైపు పేటను గేరి అంటారు.) వాళ్ళలో ఒకామె, నలభై ఏళ్ళుంటాయేమో, పాట ఎత్తుకునేది. మిగతావాళ్ళు పల్లవి అందుకునేవారు. చేతులు కాయలు ఒలుస్తుంటే, ఒలిచే చప్పుడే తాళం. ఆమెకు అక్షరం ముక్క రాదు. కాని ఆ పుస్తకంలో ఎన్ని కీర్తనలు నోటికొచ్చో లెక్కలేదు. బెత్లెహేమును ‘బెత్తలేము’ అనేది. "అదెక్కడుందే?" అని అడిగితే, "బళ్ళారి అవతల పాపా, శానా దూరం" అంది. నవ్వకండి. ఆమెకు ఆ కబురు వచ్చిన దారి బళ్ళారి దారే కదా!

గ్రాంథిక సమాసాలు ఆమె నోట్లో పడి నలిగి, మెత్తనై, వేరే మాటలై వచ్చేవి. ఏది పుస్తకం మాటో, ఏది ఆమె మాటో పోల్చడం కష్టం. అచ్చువేసిన రాగం ఒకటి, ఆమె పాడింది ఇంకొకటి. కోలాటం మట్టులోకో సువ్విపాట మట్టులోకో జారిపోయేది. ఏది ఎలా పోయినా కథ మాత్రం పోయేది కాదు. ఒకరోజు పాట మధ్యలో ఆపి, తనలో తానే అన్నట్టు, "అంతమంది దేవదూతలు వచ్చినారు గాని, ఆ తల్లికి ఒక చెంబు వేడినీళ్ళు కాంచి పోసినోళ్ళు లేరే. కాయం ఎవరు పెట్టినారో ఏమో!" అంది. తోటివాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

నాకు రెండో కానుపయ్యాక ఆ మాట గుర్తొచ్చింది, నవ్వు రాలేదు. కీర్తనలు రాసిన మగవాళ్ళలో ఎవరికీ తోచని ప్రశ్న అది. పుట్టుక మాట ఎత్తీ ఎత్తకముందే వాళ్ళు ఆకాశానికి వెళ్ళిపోతారు. దూతలు, మహిమ, జ్ఞానులు, బంగారం, సాంబ్రాణి! బాలెంతరాలు కింద గడ్డిమీద ఉండిపోతుంది. మన రాముడి లాలిపాటల్లో, కృష్ణుడి జోలల్లో ఆడవాళ్ళ చేతులు కనబడతాయి. ఉయ్యాల ఎవరు కట్టారు, నీళ్ళు ఎవరు పోశారు, సాంబ్రాణి ధూపం ఎవరు వేశారు అన్నీ ఉంటాయి. క్రైస్తవ కీర్తనలోనూ లాలి లేకపోలేదు. కాని నీళ్ళు కాచే ఆడదాన్ని నాకు తెలిసినంతలో నేను చూడలేదు. ఈ కీర్తనల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. ఆ ఫిర్యాదు కూడా నాది కాదు, అక్షరం రాని ఆ కల్లం విమర్శకురాలిది.

ఇక రెండో తగవు, మిఠాయిల సంగతి.

ఇరవై ఏళ్ళ కిందట నేనూ ఒక వ్యాసం రాశాను. "క్రిస్మస్‌నాడు గేరి నుంచి మా ఇంటికి పళ్ళెం వచ్చేది, సంక్రాంతికి మేము పంపేవాళ్ళం, ఆ రోజులే వేరు" అని. నలుగురు మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా రాశారు. అబద్ధమేమీ రాయలేదు. పళ్ళెం వచ్చిన మాట నిజం. ఆ పళ్ళెంలో ఏమున్నాయో మాత్రం రాయలేదు. యాడికి తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు, పటికబెల్లం. అంతే! వాళ్ళింట్లో ఓళిగలు చేసేవాళ్ళు కదా, ఒక్క ఓళిగైనా ఆ పళ్ళెంలో ఎందుకు లేదు? వండినది మేము ముట్టమని వాళ్ళకు తెలుసు. మేము నొచ్చుకోకుండా, మాకు ‘వద్దు’ అనే అవసరం రాకుండా, వాళ్ళే ముందు ఆలోచించి పచ్చి సరుకు పంపేవాళ్ళు. మా అమ్మ ఆ పళ్ళెం అరుగుమీద పెట్టించుకుని, ఆకుల మీద నీళ్ళు చల్లి లోపలికి తెచ్చేది. మేము సంక్రాంతికి పంపినవి మాత్రం వండినవే! అవి వాళ్ళు పళ్ళెంలో కాదు, కొంగులో పట్టుకుపోయేవాళ్ళు.

ఇచ్చిపుచ్చుకోవడం అని రాసే ముందు ఏమిచ్చారు, ఎలా పుచ్చుకున్నారు అని ఒకసారి చూసుకోవద్దూ? నక్షత్రం సంగతీ అంతే. అది గేరి అంతా తిరిగేది. మా వీధి మొగదల దాకా వచ్చేది. అక్కడ ఒక పాట పాడి వెనక్కి మళ్ళేది. "ఎంత మర్యాద!" అనుకునేవాళ్ళం అరుగులమీద కూర్చుని. మూలకథలో నక్షత్రం బిడ్డ ఉన్న ఇంటిమీద ఆగుతుంది. మా ఊళ్ళో అది ఎక్కడ ఆగాలో మేమే గీత గీసి పెట్టాం. నన్ను పాపా అని పిలిచిన ఆవిడను, నాకంటే ముప్ఫై ఏళ్ళు పెద్దదాన్ని, నేను పేరు పెట్టి, ‘ఏమే’ అని పిలిచాను. ఆ పాతవ్యాసంలో ఇదీ లేదు.

ఆ పండగ చేసుకోవడానికి వాళ్ళు కట్టిన సుంకం గురించి కూడా మన పల్లె క్రిస్మస్ వ్యాసాల్లో ఉండదు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే అన్నారు. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో వాళ్ళకు వెనకబడిన తరగతుల్లో ‘సి’ గ్రూపు అని ఒకటి పెట్టి, ఒక్క శాతం ఇచ్చారు. కాబట్టి కాగితం మీద ఒక మతం, గుండెలో ఒక మతం, బడి రిజిస్టరులో ఒక పేరు, బాప్తిస్మంలో ఇంకొక పేరు ఉన్న కుటుంబాలు ఎన్నో. గంజికి ఆశపడి కలిశారని వెక్కిరించే పెద్దమనుషులు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే మంచిది. ధాత కరువు నాటి గంజి ఏనాడో అరిగిపోయింది. పోగొట్టుకుంటున్నది మాత్రం తరతరాలుగా వస్తోంది. అయినా డిసెంబరు వచ్చేసరికి వెదురుబద్దలు వంగుతూనే ఉన్నాయి.

మన సాహిత్యం దీన్ని ఎంతవరకు చూసింది? జాషువాగారు 1958లో ‘క్రీస్తు చరిత్ర’ రాశారు, 1964లో దానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. గుడిలోకి రానివ్వని మనిషి గబ్బిలం చేత శివుడికి కబురంపిన 1941 నాటి ‘గబ్బిలం’ ఎందరి నోళ్ళలోనో ఉంది. బహుమతి వచ్చిన పుస్తకాన్ని చదివినవాళ్ళను మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. దెబ్బతిన్న జాషువాను మెచ్చుకున్నంత సులువుగా పండగ చేసుకుంటున్న జాషువాను మెచ్చుకోలేకపోయామేమో అని నాకొక అనుమానం. మా సీమ కథకులకు కరువుతోనే సరిపోయింది. సింగమనేని నారాయణగారి కథలు చదివితే ఎండిన బావి అడుగు కనిపిస్తుంది. కాని ఆ ఎండిన ఊళ్ళలోనే డిసెంబరులో ఒక రాత్రి నక్షత్రం వెలిగిందని, ఎండినవాళ్ళే పాడారని చెప్పే కథ రాయాల్సినంతగా రాలేదు.

సినిమా ఆ లోటు కొంత తీర్చింది. 1955లో ‘మిస్సమ్మ’లో సావిత్రి మేరీమాతను వేడుకుంటూ పాడిన పాట క్రైస్తవేతరుల ఇళ్ళలోనూ రేడియోలో మోగింది. 1978లో భీమ్‌సింగ్ తీసిన ‘కరుణామయుడు’ పల్లెల్లో తెరలు కట్టి చూపించారు. అప్పటినుంచి మా వైపు క్రీస్తు ముఖం అంటే విజయచందర్ ముఖమే. మంచి సినిమాయే, కాదనను. కాని అది వచ్చాక నాటకాల్లో హేరోదు తొడ చరచడం మానేశాడు. అందరూ సినిమా గొంతుతో మాట్లాడసాగారు. తరవాత మైకులు. ఆ తరవాత క్యాసెట్లు. ఇప్పుడు సెల్‌ఫోనులో ట్రాకు పెట్టి, మైకులో ఒక్కరు పాడితే మిగతావాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. పాటల్లో కొన్ని బాగానే ఉన్నాయి, భాష కూడా తేలిక. కాని పాడేవాళ్ళు ఇరవైమంది నుంచి ఒక్కరికి దిగిపోయారు. ఆ నోరుమూసుకున్న పందొమ్మిదిమందీ ఎవరు? ఎక్కువగా అక్షరం రాని పెద్ద ఆడవాళ్ళే. పుస్తకం చూడకుండా పాడగలిగినవాళ్ళు వాళ్ళే, ఇప్పుడు పాడనక్కరలేని వాళ్ళూ వాళ్ళే!

మనవరాలి బొమ్మ చూశాక మనసు ఆగక, ఆ నెలాఖరున దాన్ని వెంటబెట్టుకుని యాడికి వెళ్ళాను. కల్లంలో పాడినావిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె కోడలు ఉంది. ఇప్పుడామెకూ అరవై దాటాయి. ఇంట్లోకి పిలిచింది. ఓళిగ పెట్టింది. నేను తిన్నాను. ఇది గొప్పగా చెప్పుకోవడానికి రాయడంలేదు. ఓళిగ తినడానికి నాకు అరవై ఏళ్ళు పట్టిందని రాస్తున్నాను. కట్టెపొయ్యి మీద, పప్పు బాగా మెదిపి చేసింది. మా ఇంట్లో ఎవరికీ అంత మెత్తగా రాదు.

గూట్లో పాతగుడ్డ చుట్టిన పుస్తకం ఉంది. అత్తదట. "ఆమెకు సదువు రాదు గదా, పుస్తకం దేనికమ్మా?" అన్నాను.

"ఏమోక్కా. పట్టుకోని పాడేది. అప్పుడప్పుడు తలకిందులుగా కూడా పట్టుకునేది" అని నవ్వింది.

అట్ట ఊడిపోయింది. క్రిస్మస్ పాటలున్న పుటలు నూనె చేతులు తగిలి పసుపెక్కాయి. ఒకటి పాడమ్మా అన్నాను. "నాకు మైకు అలవాటైపోయిందక్కా, ఊరికే పాడేదానికి సిగ్గు" అంటూనే ఎత్తుకుంది. రెండో చరణానికల్లా పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు గడపలోకి వచ్చి పల్లవి అందుకున్నారు. మా మనవరాలు గాడిపాట్లో కట్టేసిన దూడకు గడ్డి పెడుతూ వింటోంది.

పుస్తకంలో చూస్తే ఆ పాట నెత్తిన వేసిన రాగం ఒకటి, ఆమె పాడింది ఇంకొకటి. నాకు వచ్చిన నాలుగు రాగాల్లో దేనికీ అందలేదు. ఉండబట్టలేక, "ఇదేం రాగమమ్మా?" అని అడిగాను.

"రాగమా?" అని ఒక్కక్షణం ఆలోచించింది. "ఇది మాయత్త రాగమక్కా" అంది.